గ్రాండే దీవి నుంచి మాండవి మొగలోకి: మొగ నుంచి వెనక్కి వేసిన లెక్క

హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నేర్చుకున్నవాళ్లకు గాలి బాగానే అర్థమవుతుంది. బుద్ధ విగ్రహం చాటుకు వెళ్లగానే తెరచాప జీవం లేనట్టు వేలాడడం, చాటు దాటగానే విసురుగాలి వచ్చి పడవను ఒక పక్కకు ఒరగదోయడం, ఇవి పది పదిహేను వారాల్లో ఒంటికి పట్టేస్తాయి. అర్థం కానిది నీటి కదలిక. చెరువు నీళ్లు ఉన్నచోటే ఉంటాయి. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్లు వేళ ప్రకారం లేస్తాయి, దిగుతాయి, పడవను పక్కకు లాక్కుపోతాయి. గోవాలో గ్రాండే దీవి నుంచి పణజి దాకా నలుగురం 26 అడుగుల కీల్‌బోట్‌లో, అంటే అడుగున కీల్ అనే బరువైన రెక్క ఉండే తెరచాప పడవలో, వెళ్లాం. ఆ దారిలో ఎనిమిదిన్నర మైళ్ల సముద్రం కంటే మొగ దగ్గరి రెండు మైళ్లకే ఎక్కువ సిద్ధపడాల్సి వచ్చింది. అందుకే లెక్క దీవి దగ్గర మొదలుపెట్టలేదు. మొగ దగ్గర మొదలుపెట్టి వెనక్కి వచ్చాం.

ముందు దారి చెప్తాను. గ్రాండే దీవి మార్ముగోవాకు నైరుతిలో ఉంటుంది, పక్కనే చిన్న దీవులు, నీళ్లలోంచి తేలిన రాళ్లు. అక్కడి నుంచి దాదాపు నేరుగా ఉత్తరానికి వెళ్తే కుడి చేతి వైపు వరుసగా మార్ముగోవా పోర్టు, జువారి నది మొగ, గవర్నర్ నివాసం ఉన్న కాబో కొండకొమ్ము, ఆ తర్వాత మాండవి మొగ వస్తాయి. మొగకు ఉత్తరాన అగ్వాడ కోట, దీపస్తంభం. దీవి నుంచి అగ్వాడ ఎదురుకు ఎనిమిదిన్నర నాటికల్ మైళ్లు (ఒక్కోటి సుమారు 1.85 కిలోమీటర్లు), అక్కడ తూర్పుకు తిరిగి పణజి దాకా మరో మూడున్నర. మొత్తం పన్నెండు. గాలి బాగుంటే మూడు గంటల పని, కానీ ఏ మూడు గంటలన్నది తేల్చడానికి మాకు హైదరాబాద్‌లో మూడు వారాలు పట్టింది.

కాలం నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు ఆ తీరంలో ఇలాంటి పడవ తిప్పే మాటే లేదు. నైరుతి అలలు నేరుగా మొగలోకి వచ్చి ఇసుక మేట మీద విరుగుతాయి. ఇనుప ఖనిజం మోసే బార్జీలు కూడా వానాకాలంలో మాండవి మొగ వదిలేసి, కుంబార్జువా కాలువ గుండా జువారి వైపు తిరిగి వెళ్లేవి. చలికాలంలో పొద్దున నేల మీది నుంచి తూర్పు గాలి వస్తుంది. పది, పదకొండుకు అది చచ్చిపోతుంది. కాసేపు గాలి ఉండదు. తర్వాత సముద్రం నుంచి పడమటి గాలి మొదలై, మెల్లగా వాయవ్యానికి తిరిగి, రెండు నాలుగు గంటల మధ్య బలంగా ఉంటుంది. ఉత్తరానికి పోయే పడవకు తూర్పు గాలి పక్క గాలి, అన్నిటికంటే సుఖమైనది. అదే పడవకు వాయవ్యపు గాలి దాదాపు ఎదురుగాలి. కాబట్టి దీవి నుంచి పొద్దున్నే కదలాలి. ఇది సులువుగా తేలిపోయింది.

తేలనిది తేదీ. ఇక్కడ పనికొచ్చింది ఇంట్లో గోడకు వేలాడే తెలుగు క్యాలెండరే. పోటు చంద్రుడితో నడుస్తుంది కాబట్టి తిథి తెలిస్తే పోటు వేళ రమారమి తెలిసిపోతుంది. మార్ముగోవాలో పౌర్ణమికి, అమావాస్యకు నిండు పోటు మధ్యాహ్నానికి కాస్త ముందు వస్తుంది. ఆ తర్వాత రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. పౌర్ణమి నాడే వెళ్తే నీళ్లు బాగా లేస్తాయి, నిజమే. కానీ నిండు పోటు దాటగానే పాటు మొదలవుతుంది, అంటే నది నీళ్లు బయటికి పారతాయి. సరిగ్గా అప్పుడే మధ్యాహ్నపు గాలి లోపలికి వీస్తుంది. గాలి ఒక దిక్కు, నీళ్లు ఎదురు దిక్కు అయితే మేట మీద అలలు పొట్టిగా, నిటారుగా, దగ్గర దగ్గరగా లేస్తాయి. గంట ఆలస్యమైతే చాలు, మొగలో అన్నిటికంటే చెడ్డ వేళకు అక్కడ ఉంటాం. అష్టమికైతే నిండు పోటు సాయంత్రం పూట. పొద్దున మొగ దగ్గరికి చేరేసరికి నీళ్లు అడుగంటి ఉంటాయి. ఈ రెంటికీ మధ్య విదియ నుంచి చవితి దాకా ఉన్న మూడు రోజులే సరైనవని మా నిర్ణయం. నిండు పోటు ఒంటిగంట ప్రాంతంలో వస్తుంది, పదిన్నరకు మొగ చేరితే ఇంకా రెండున్నర గంటల పోటు చేతిలో ఉంటుంది. ఆ వ్యవధి ఉంటే ఒకవేళ మేట మీద కీల్ తగిలినా భయం లేదు, పెరిగే నీరే లేపుతుంది. పాటులో తగిలితే పడవ పక్కకు ఒరిగి ఆరేడు గంటలు అక్కడే. మేం బహుళ తదియ ఎంచుకున్నాం.

తిథితో రోజు ఎంచుకోవచ్చు, పడవ నడపడానికి మాత్రం అచ్చు పట్టిక కావాలి. సర్వే ఆఫ్ ఇండియా అచ్చువేసే పోటు పట్టికలు, డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్ చార్టులు (సముద్రపు మ్యాపులు), ఈ రెండూ చాలు. ఫోన్ యాప్‌లతో రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, వేళ గ్రీనిచ్ కాలంలో ఉండడం. ఐదున్నర గంటలు తప్పితే పోటు పాటవుతుంది. రెండోది ఇంకా ప్రమాదం: చార్టులో లోతు, సముద్రం బాగా దిగినప్పటి మట్టం నుంచి కొలుస్తారు. కొన్ని యాప్‌లు పోటు ఎత్తును సగటు సముద్ర మట్టం నుంచి ఇస్తాయి. ఆ అంకెను ఈ అంకెకు కలిపితే మీటరు దాకా లెక్క తప్పుతుంది. పట్టికలో పాటు ఎత్తు మైనస్‌లో కనిపిస్తుంటే, ప్రతిరోజూ అలాగే ఉంటే, ఆ యాప్ సగటు మట్టం వాడుతోందని అర్థం.

ఇక లెక్క. మా రోజున దిగువ నీరు, అంటే పాటు ముగిసినప్పటి మట్టం, 7:05కు 0.4 మీటర్లు, నిండు పోటు 13:15కు 2.0 మీటర్లు. తేడా 1.6. పోటు సమానంగా లేవదు. మొదటి గంటలో పన్నెండో వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, ఆఖరి గంటలో ఒకటి. అంటే మధ్య రెండు గంటల్లోనే సగం నీరు లేస్తుంది. మా పడవ నీటిలో 1.4 మీటర్లు దిగుతుంది. అల మీటరు ఎత్తు ఉంటే, అల పల్లంలో పడవ అర మీటరు కిందికి పోతుంది. దాని మీద భద్రత కోసం ఒక మీటరు. మొత్తం 2.9 మీటర్ల నీరు కావాలి. మేట చార్టు గీసిన తర్వాత కదిలి ఉండొచ్చు కనుక, మా దారిలో అతి తక్కువ లోతును కావాలనే తగ్గించి 2.1గా పెట్టుకున్నాం. అంటే పోటు 0.8కి చేరాలి, దిగువ నీటి నుంచి ఇంకా 0.4 మీటర్లు లేవాలి. తేడా 1.6లో అది పన్నెండింట మూడు వంతులు, అంటే రెండు గంటలు. 9:05కు ద్వారం తెరుచుకున్నట్టు. 12:30 దాటితే మూసుకున్నట్టు. నిండు పోటుకు ముప్పావుగంట ముందే మూసేయడం ఎందుకంటే, అప్పటికి పోటు బలం తగ్గిపోతుంది, గాలి బలం పెరుగుతుంది. గురి 10:30. నాలుగు నాట్ల వేగంతో, అంటే గంటకు నాలుగు నాటికల్ మైళ్లతో, ఎనిమిదిన్నర మైళ్లకు రెండు గంటల ఎనిమిది నిమిషాలు, మూడు నాట్లకు రెండు గంటల యాభై. అందుకని లంగరు ఎత్తేది 7:30.

వెనక్కి వేసిన లెక్కకు మరో రెండు గీతలు కావాలి. 9:30కల్లా కాబో మనకు పక్కకు రాకపోతే మోటార్ వేయాలి. మొగ చేరేసరికి 12:30 దాటేలా ఉంటే లోపలికి వెళ్లకూడదు. వెనక్కి తిరిగి కాబోకు దక్షిణాన దోనా పౌలా వైపు చాటున లంగరు వేయాలి, అక్కడికి వాయవ్యపు గాలి తగలదు. ఈ రెండు గీతలూ కాగితం మీద రాసి పడవ నడిపేవాళ్లు కూర్చునే కాక్‌పిట్‌లో అతికించాం. అలసిపోయాక మనిషి తనకు అనుకూలంగా లెక్క మార్చుకుంటాడు, కాగితం మారదు.

హైదరాబాద్‌కు సముద్రం దూరమే గానీ, సముద్రపు కబురు ఇక్కడి నుంచే దేశానికి వెళ్తుంది. ప్రగతి నగర్‌లో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ 1999లో మొదలైంది. అల ఎత్తు, ఉబ్బు (దూరం నుంచి వచ్చే పొడవాటి అల) వచ్చే దిక్కు, దాని పీరియడ్ (రెండు అలల మధ్య సెకన్లు) అంచనాలన్నీ వాళ్లే ఇస్తారు. మేం పది రోజుల ముందు నుంచి అవి రోజూ రాసుకున్నాం. అల ఎత్తు ఒక్కటే చూస్తే సరిపోదు. మీటరు ఎత్తు అల ఆరు సెకన్లకొకటి వస్తే అది స్థానిక గాలి రేపింది, మేట మీద పెద్దగా మారదు. అదే మీటరు పదిహేను సెకన్లకొకటి వస్తే దూరపు దక్షిణ సముద్రం నుంచి వచ్చిన ఉబ్బు. లోతు తగ్గేకొద్దీ అది ఎత్తు పెరిగి విరుగుతుంది. ఇక్కడ గాలి లేకుండానే ఇలా వచ్చే ఉబ్బును కేరళ మత్స్యకారులు కల్లక్కడల్ అంటారు, దొంగ సముద్రం అని. ఉబ్బు పీరియడ్ పన్నెండు సెకన్లు దాటితే ఆ రోజు మొగలోకి వెళ్లకూడదని నియమం పెట్టుకున్నాం.

హుస్సేన్ సాగర్‌లో చేయగలిగిన అభ్యాసం ఎక్కువమంది అనుకునేదానికంటే ఎక్కువ. చేతి దిక్సూచితో బుద్ధ విగ్రహం, సంజీవయ్య పార్కు జెండా స్తంభం, బిర్లా మందిర్, మూడింటికీ దిశలు తీసి, మ్యాప్ మీద గీతలు గీస్తే మూడూ ఒకచోట కలవాలి. కలవవు. చిన్న త్రిభుజం వస్తుంది. ఆ త్రిభుజం ఎంత చిన్నగా వస్తే చెయ్యి అంత కుదిరినట్టు. మాకు మొదట్లో పెద్దగా రావడానికి కారణం జేబులోని ఫోన్. దిక్సూచికి దగ్గరలో ఫోన్ ఉంటే సూది పక్కకు తిరుగుతుంది. పడవ ఊగుతుండగా రీఫ్ కట్టడం, అంటే గాలి పెరిగితే తెరచాపను కొంత దించి చిన్నది చేయడం, రెండు నిమిషాల లోపు వచ్చేదాకా చేశాం. మెయిన్ అనే పెద్ద తెరచాపను పైకెత్తే తాడు (హాల్యార్డ్) వదిలి, తెరచాప ముందంచును కొక్కేనికి తగిలించి, హాల్యార్డ్ మళ్లీ బిగించి, ఆఖరున వెనక తాడు లాగాలి. వెనక తాడు ముందు లాగితే తెరచాప ముందంచు చిరగొచ్చు. నీళ్లలో పడిన మనిషిని ఎక్కించడం, తేలేలా కొంచెం ఖాళీ వదిలి నీళ్లు నింపిన 20 లీటర్ల క్యాన్‌తో చేశాం. మనిషి దగ్గరికి పడవ తీసుకెళ్లడం కంటే పైకి లాగడమే కష్టమని అప్పుడే తెలిసింది. తడిసిన మనిషిని చేతులతో లేపలేం, ఉచ్చు వేసిన తాడు, దాన్ని చుట్టి లాగే వించ్ కావాలి.

సామాను సంగతి త్వరగా చెప్తాను. ఊదే లైఫ్ జాకెట్లలో 33 గ్రాముల గ్యాస్ సిలిండర్ ఉంటుంది, విమానంలో తేవాలంటే విమాన సంస్థ అనుమతి ముందే తీసుకోవాలి. ప్రమాద సంకేతాలకు కాల్చే ఫ్లేర్లు విమానంలోనూ రైల్లోనూ నిషేధం, వాటిని పడవ ఉన్నచోటే సమకూర్చుకోవాలి, గడువు తేదీ చూడాలి. అమెరికా నుంచి బంధువులు తెచ్చిచ్చిన శాటిలైట్ మెసెంజర్ (ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరం) తీసుకెళ్లకండి. మన దేశంలో అనుమతి లేకుండా అది దగ్గర ఉండడమే నేరం, గోవా విమానాశ్రయంలో దాని కోసం అరెస్టులు జరిగాయి. ఓడలతో, తీరంతో మాట్లాడే వీహెచ్‌ఎఫ్ రేడియోకు లైసెన్స్ ఉన్న పడవనే అద్దెకు తీసుకోవాలి. కోస్ట్ గార్డ్ నంబర్ 1554 అందరి ఫోన్లలో ఉండాలి. బయల్దేరే ముందు కోస్టల్ పోలీసులకు పడవ పేరు, మనుషులు, దారి, చేరే వేళ రాతపూర్వకంగా ఇవ్వాలి, చేరాక చేరామని చెప్పాలి. తాగునీరు మనిషికి మూడు లీటర్లు, దాని మీద ఎనిమిది అదనం, మొత్తం ఒక బబుల్ క్యాన్. తిండికి పులిహోర, సకినాలు. చింతపండు పులుపు వల్ల పులిహోర త్వరగా పాడవదు, కడుపు తిప్పుతున్నప్పుడూ నోటికి సహిస్తుంది. వాంతుల మాత్ర వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడిగి ముందు రాత్రే వేసుకోవాలి. పడవ ఎక్కాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు.

ముందు సాయంత్రం దీవి చాటున లంగరు వేశాం. ఒడ్డు మీద దిగలేదు. అప్పుడు లోతు ఐదు మీటర్లు. రాత్రి పోటుకు ఒకటిన్నర కలుస్తుంది, నీటి నుంచి పడవ ముందు కొన దాకా ఒక మీటరు. ఏడున్నరకు ఏడు రెట్లు లెక్కన 52 మీటర్లు వదలాలి. అందులో మొదటి 10 మీటర్లు 8 మిల్లీమీటర్ల గొలుసు, మిగతాది నైలాన్ తాడు. చాలామంది లోతు ఇప్పుడున్నంతే అనుకుని వేస్తారు, అర్ధరాత్రి పోటుకు లంగరు కదులుతుంది. ఇంకొక సంగతి, సాయంత్రం వాయవ్యపు గాలికి ఆగిన పడవ రాత్రి తూర్పు గాలికి మొత్తం తిరుగుతుంది. తాడంత దూరం చుట్టూ ఎటు తిరిగినా రాళ్లు లేకుండా చూసుకోవాలి. మాస్ట్ (తెరచాప స్తంభం) మీద నాలుగు వైపులా కనపడే తెల్ల దీపం వెలిగించి, రెండు గంటలకొకరం కాపలా కాశాం.

పొద్దున మోటార్ పరీక్ష. ట్యాంకు మూత మీది గాలి స్క్రూ వదులు చేయకపోతే మోటార్ మొదట చక్కగా నడిచి, పది నిమిషాలకు ఆగిపోతుంది. ట్యాంకులో పీడనం తగ్గి పెట్రోల్ రాదు. ఆగేది సరిగ్గా మొగలో. శీతలీకరణ నీళ్లు వెనక సన్నని ధారగా పడుతున్నాయో లేదో చూడాలి, పడకపోతే ప్లాస్టిక్ సంచి అడ్డుపడినట్టు. ఎనిమిది హార్స్ పవర్ మోటార్ గంటకు రెండు, రెండున్నర లీటర్లు తాగుతుందనుకుని, 12 లీటర్ల ట్యాంకు కాక ఐదు లీటర్లు విడిగా ఉంచాం.

7:35కు కదిలాం. తూర్పు గాలి ఎనిమిది నాట్లు, పూర్తి మెయిన్, ముందుండే చిన్న తెరచాప జిబ్, వేగం నాలుగున్నర. ఈ దారిలో ఓడలే మొదటి జాగ్రత్త. మార్ముగోవా బయట పెద్ద ఓడలు లంగరు మీద ఉంటాయి, కొన్ని పూడిక తీసిన దారి గుండా లోపలికీ బయటికీ వెళ్తుంటాయి. ఆ దారిలో తెరచాప పడవకు ప్రాధాన్యం లేదు. 20 మీటర్ల లోపు పడవ, తెరచాప పడవ, ఇరుకు దారిలో మాత్రమే పోగల ఓడకు అడ్డు రాకూడదని అంతర్జాతీయ నియమం. పన్నెండు నాట్లతో వచ్చే ఓడ ఐదు నిమిషాల్లో మైలు దాటుతుంది. దిక్సూచితో ఓడ దిశ రెండు నిమిషాలకోసారి చూడాలి. దిశ మారకుండా ఓడ పెద్దదవుతుంటే ఢీకొనే దారిలో ఉన్నట్టు. ఆ దారిని అడ్డంగా, లంబకోణంలో, మోటార్ సాయంతో పది నిమిషాల్లో దాటేశాం. వలలు రెండో జాగ్రత్త. థర్మోకోల్ ముక్కలు, ప్లాస్టిక్ క్యాన్లు, వెదురుకు కట్టిన నల్లగుడ్డ, ఇవి వల కొనలు. రెండు గుర్తుల మధ్య నుంచి వెళ్లకూడదు.

జువారి మొగ ఎదురుగా పోటు తూర్పుకు లాగుతుంది. పడవ ముక్కు ఉత్తరానికే ఉంటుంది, పడవ మాత్రం కాబో వైపు జారుతుంది. కంటికి తెలియదు. కాబో దిశను పదిహేను నిమిషాలకోసారి తీసి చార్టు మీద గీస్తేనే తెలుస్తుంది. పడమటికి ఐదు డిగ్రీలు తిప్పి సరిచేశాం. 9:20కి కాబో పక్కకు వచ్చింది. ఆ వెంటనే నేల గాలి పడిపోయింది. గాలి లేదు, పాత అలలు మాత్రం ఉన్నాయి. తెరచాప అడుగంచును పట్టే అడ్డ దూలం, బూమ్, అటూ ఇటూ కొట్టుకుంటుంది. అప్పుడే తలలు పగిలేది, బూమ్ మూల పిన్నులు విరిగేది. బూమ్‌ను ఒక పక్కకు తాడుతో కట్టేసి మోటార్ వేశాం.

మొగకు అర మైలు బయట పది నిమిషాలు ఆగాం. సముద్రం వైపు నుంచి చూసేవాళ్లకు అలల వీపులే కనిపిస్తాయి, వీపు ఎప్పుడూ నున్నగా ఉంటుంది. విరిగిన నురుగు అవతలి పక్క ఉంటుంది. కాబట్టి నున్నగా ఉందని నమ్మకూడదు. అల పైకొచ్చినప్పుడల్లా నురుగు చార ఎక్కడ కనిపిస్తోందో, ఎన్ని అలలకోసారి వస్తోందో లెక్కపెట్టాలి. మాకు మిరామార్ వైపు, అంటే కుడి పక్క, నురుగు కనిపించింది. దారి మధ్యలో లేదు. బార్జీ ఏదైనా బయటికి వస్తోందేమో కూడా అప్పుడే చూసుకోవాలి. బరువుతో దిగే బార్జీ వెంటనే ఆగనూ లేదు, పక్కకు తిరగనూ లేదు.

లోపలికి వెళ్లే ముందు హ్యాచ్‌లు (డెక్ మీది తలుపులు) మూశాం, లైఫ్ జాకెట్లు, మనిషిని పడవకు కట్టి ఉంచే తాళ్లు తగిలించుకున్నాం, లంగరు ముందు కొన దగ్గర విప్పి సిద్ధంగా ఉంచాం. మోటార్ ఆగితే అదే బ్రేకు. జిబ్ చుట్టేసి మెయిన్ ఒక్కటి ఉంచాం, మోటార్ ఆగితే తెరచాప, తెరచాప పోతే మోటార్ ఉండాలని. లోతు కొలిచే యంత్రం ఏది చూపిస్తోందో ముందే తెలిసి ఉండాలి: నీటి మట్టం నుంచా, యంత్రం కన్ను నుంచా, కీల్ కింద నుంచా? అద్దె పడవల్లో ఇది ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. మేం ముందు రోజే సీసం కట్టిన తాడుతో కొలిచి పోల్చాం. యంత్రం అర మీటరు తక్కువ చూపిస్తోంది, కన్ను నీటికి అర మీటరు కింద ఉంది కనుక.

10:40కి మేట మీదికి వచ్చాం. లెక్క ప్రకారం మేట మీద ఉండాల్సింది మూడున్నర మీటర్లు, సీసం తాడు దిద్దుబాటు కలిపితే వచ్చిన అతి తక్కువ లోతు 3.9. వెనక నుంచి అల పడవను లేపినప్పుడు వేగం ఒక్కసారిగా ఏడు నాట్లు దాటుతుంది. అప్పుడు చుక్కాని పట్టు తప్పితే పడవ అడ్డం తిరిగి పక్కకు పడుతుంది. అందుకే టిల్లర్ (చుక్కాని పిడి) పట్టినవాళ్లు ముందుకే చూడాలి, వెనక అల వస్తోందని మరొకరు చెప్పాలి. అల వీపు మీద ఉండేలా మోటార్ తగ్గించాలి, అలతో పాటు జారకూడదు. ప్రవేశంలో దారి చూపే తేలే గుర్తుల్లో ఎరుపు బోయాలు ఎడమ చేతికి, ఆకుపచ్చవి కుడి చేతికి. మన దేశమంతా ఇదే పద్ధతి. పన్నెండు నిమిషాల్లో అగ్వాడ కొండ చాటుకు వచ్చేశాం, నీళ్లు చెరువులా అయ్యాయి.

నదిలో పోటు ఇంకా ఒకటిన్నర నాట్లతో లోపలికి తోస్తోంది. తోసే నీటిలో పడవ ఆపాలంటే వెనక్కి తిరిగి, ముక్కు పోటుకు ఎదురుగా పెట్టి లంగరు వేయాలి. ముందుకు పోతూ వేస్తే తాడు కీల్‌కు చుట్టుకుంటుంది. పణజి, బెతిం మధ్య ఫెర్రీలు ఆగకుండా అడ్డంగా తిరుగుతుంటాయి, క్యాసినో ఓడలు మధ్యలో నిలిచి ఉంటాయి. వాటికి దిగువనే, వంతెనల దాకా పోకుండా ఆగాం. పాటు మొదలయ్యాక పడవ మళ్లీ మొత్తం తిరుగుతుంది కనుక, ఒంటిగంటన్నరకు అది తిరిగి నిలదొక్కుకునేదాకా ఇద్దరం పడవలోనే ఉన్నాం. ఆ తర్వాతే కోస్టల్ పోలీసులకు చేరామని ఫోన్ చేశాం. బ్లాకులు (తాళ్ల కప్పీలు), షాకిల్స్ (పిన్నుతో బిగించే లోహపు కొలుకులు), మోటార్ మంచినీళ్లతో కడిగాం. హుస్సేన్ సాగర్‌లో ఎప్పుడూ చేయని పని అది, ఒక్క రాత్రి వదిలేసినా ఉప్పుకు షాకిల్ పిన్ను బిగుసుకుపోతుంది.